"జాగ్రత్త తల్లీ" అంటే సరిపోదు... అడగండి!

శనివారం పొద్దున్నే ఫోను మోగుతుంది. అవతల సియాటిల్‌లో ఇంకా శుక్రవారం సాయంత్రమే.

"అమ్మా, రేపు ఫ్రెండ్సందరం మంచు కొండల్లోకి వెళ్తున్నాం. మంచు మీద నడిచే చెప్పులు అద్దెకి తీసుకున్నాం. అక్కడ సిగ్నలుండదు. ఫోను రాకపోతే కంగారు పడకు!"

ఇవతల ఏలూరులోనో, వరంగల్‌లోనో ఉన్న అమ్మ ఏమంటుంది? "స్వెట్టరు వేసుకో, చెవులకి ఏదన్నా కట్టుకో, జాగ్రత్త తల్లీ" అంటుంది. అంతకుమించి ఏం చెప్పాలో ఆవిడకి మాత్రం ఏం తెలుసు? గోదావరికి వరదొస్తే ఏం సర్దుకోవాలో మనకు తెలుసు. తుపాను హెచ్చరిక ఏ నంబరు దాకా వెళ్తే ఇల్లు కదలాలో తీరంలో పుట్టిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు. రోహిణీకార్తె ఎండలో పసిపిల్లల్ని ఎలా కాచుకోవాలో ఒకరు చెప్పక్కర్లేదు. కానీ మంచు? మనకు మంచంటే ఫ్రిజ్‌లో గడ్డ, లేదంటే పుష్యమాసంలో తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచు. అంతే కదూ!

ఇప్పుడు మన పిల్లలు మంచు ఉన్న దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇక్కడున్న వాళ్లూ కొత్త పెళ్లయితే మనాలికి, సెలవులొస్తే గుల్మార్గ్‌కి ప్రయాణం కడుతున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్టు ఎక్కి చూపించాక, 'కొండలు మనకెందుకులే' అనే మాట చెల్లదు. వద్దనడం ఎలాగూ కుదరదు. అలాంటప్పుడు ఏది ప్రమాదమో, ఏది కాదో మనమూ తెలుసుకుంటే మంచిది. తెలిస్తేనే కదా, అడగాల్సిన మాట అడగగలం!

హిమపాతం అంటే ఏది?

ముందు ఒక చిన్న చిక్కు విడదీసుకుందాం. మన పత్రికల్లో 'హిమపాతం' అనే మాట రెండు రకాలుగా వాడుతుంటారు. ఆకాశం నుంచి దూదిపింజల్లా మంచు కురవడమూ హిమపాతమే, కొండవాలు మీద పేరుకున్న మంచు ఒక్కుమ్మడిగా విరిగి జారిపడడమూ హిమపాతమే! మొదటిది చూడముచ్చటగా ఉంటుంది. రెండోది ప్రాణాలు తీస్తుంది. ఇంగ్లీషువాళ్లు అవలాంచ్ అనే ఆ రెండోదాన్ని ఇక్కడ మంచుచరియ అనుకుందాం.

పేరుకున్న మంచు ఒకే ముద్దగా ఉండదు. పడిన ప్రతిసారీ ఒక పొర ఏర్పడుతుంది, మడత కాజాలాగా. కొన్ని పొరలు గట్టిగా, కొన్ని గుల్లగా ఉంటాయి. అసలు ప్రమాదమంతా ఆ గుల్ల పొరలోనే ఉంది.

నమ్మకం కలగకపోతే వంటింట్లోనే చూడొచ్చు. ఒక పళ్లెంలో కాస్త మైదా పరిచి అరచేత్తో గట్టిగా అదమండి. దానిమీద పంచదార పలచగా చల్లండి. ఆ పైన మళ్లీ మైదా మందంగా వేసి మెల్లగా అదమండి. ఇప్పుడు పళ్లేన్ని ఒకవైపు నెమ్మదిగా ఎత్తండి. కాసేపు ఏమీ కాదు. ఇంకాస్త ఎత్తితే పై పొర పలకలా చీలి జర్రున జారిపోతుంది. పంచదార గింజలు ఒకదాన్నొకటి పట్టుకోవు కదా! కొండమీద జరిగేదీ అచ్చంగా ఇదే.

మరి కొండమీదికి ఆ పంచదార ఎక్కడి నుంచి వస్తుంది? ఆకాశం నిర్మలంగా ఉండి బాగా చలేసిన రాత్రి, మన దగ్గర గడ్డిమీద మంచుబిందువులు పట్టినట్టే, అక్కడ మంచుమీద ఈకల్లాంటి పలుకులు పడతాయి. పొద్దున ఎండకు తళతళా మెరుస్తాయి. చూడడానికి ఎంత అందమో! వాటిమీద మళ్లీ కొత్త మంచు పడిందంటే మాత్రం అదే పంచదార పొర. మంచు తక్కువగా ఉన్నచోట కింద నేల వెచ్చగా, పైన గాలి చల్లగా ఉండి అడుగున కూడా ఇలాంటి గింజలు తయారవుతాయి. ఒకసారి ఏర్పడ్డాక ఈ పొరలు రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి లోపలే ఉండిపోతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. తెల్లగా, నున్నగా, కొత్త దుప్పటి పరిచినట్టు ఉంటుంది.

మేడమెట్లంత వాలు చాలు

మంచుచరియ అనగానే నిట్టనిలువు శిఖరాలే మన కళ్లముందు మెదులుతాయి. నిజానికి మరీ నిటారుగా ఉన్నచోట మంచు నిలవదు, ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మరీ చదునుగా ఉంటే జారదు. ఎక్కువ చరియలు విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. అంటే ఎంతనుకున్నారు? మన ఇంటి మేడమెట్ల వాలు దాదాపు 30, 35 డిగ్రీలుంటుంది. మెట్లంత వాలున్న మంచుకొండ కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇంకో మాట. మనం వాలు మీదే ఉండక్కర్లేదు. దాని కింద చదునుగా ఉన్నచోట నిలబడి ఫొటో తీసుకుంటున్నా సరే, పైన విరిగింది కిందికే వస్తుంది.

అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది మరొకటి. కొండల్లో సరదాగా తిరగడానికి వెళ్లి మంచుచరియలకు బలైనవారిలో పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో ఆ చరియను కదిలించింది వాళ్లో, వాళ్లతో వచ్చినవాళ్లో! మనిషి బరువు ఆ గుల్ల పొరమీద పడగానే అది కుప్పకూలుతుంది, పైనున్న పలక చీలుతుంది. కొండ దానంతటది మీద పడదు. మనమే దాన్ని తట్టి లేపుతాం.

ఇది భయపెట్టే మాటలా ఉన్నా, ఆలోచిస్తే ధైర్యం చెప్పే మాటే. మన అడుగు వల్ల జరిగేదైతే, ఆ అడుగు వెయ్యకుండా ఆగడమూ మన చేతిలోనే ఉంది.

పదిహేను నిమిషాలు...

కొత్తగా పడిన మంచు తేలిక. ఇంటిమీద పెట్టుకునే 1000 లీటర్ల నీళ్లట్యాంకులో నింపితే సుమారు 100 కిలోలు తూగుతుంది. అదే మంచు కొండ దిగి ఆగాక నలిగి, కుదించుకుని అంతకు మూడు నాలుగు రెట్లు బరువెక్కుతుంది. ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది. లోపలున్న మనిషి వేలు కూడా కదపలేరు. సొంతంగా తవ్వుకుని బయటపడడం దాదాపు అసాధ్యం. పెద్ద పలక జారితే కొద్ది సెకన్లలోనే గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పరిగెత్తి తప్పించుకోవడమన్నది సినిమాల్లోనే!

స్విట్జర్లాండులో ఏళ్ల తరబడి ప్రమాదాల లెక్కలు చూసిన డాక్టర్లు 1994లో ఒక విషయం తేల్చారు. పూర్తిగా కూరుకుపోయిన వారిని పదిహేను నిమిషాల లోపల బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. అదే 35 నిమిషాలు దాటితే పదిమందిలో ముగ్గురే! ఊపిరాడకే ఎక్కువమంది పోతున్నారు. కొండకింద నుంచి పోలీసులో, సైన్యమో, హెలికాప్టరో వచ్చేసరికి ఈ పదిహేను నిమిషాలు ఎప్పుడో గడిచిపోతాయి. కాపాడగలిగింది పక్కనున్న స్నేహితులే.

అందుకే మంచు కొండల్లోకి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులుండాలంటారు. ఒకటి, ఒంటికి కట్టుకునే ట్రాన్స్‌సీవర్. ఇది ఎప్పుడూ సంకేతాలు పంపుతూ ఉంటుంది. ఒకరు కూరుకుపోతే మిగతావాళ్లు తమ పరికరాన్ని వెతికే పద్ధతిలోకి మార్చి, సంకేతం వచ్చే చోటు పట్టుకుంటారు. రెండు, మడిచిపెట్టుకోగలిగే పొడవాటి ఊచ. మంచులోకి గుచ్చి మనిషి ఎంత లోతున ఉన్నారో తెలుసుకోడానికి. మూడు, లోహపు పార. బిగుసుకున్న మంచును చేతులతో తవ్వలేం కదా. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగే.

పదహారుమంది... ఒక్కరూ అనలేదు!

ఇప్పుడు అసలు కథకొద్దాం. ఇది మన సియాటిల్ పిల్లలు తరచూ వెళ్లే కాస్కేడ్ కొండల్లోనే జరిగింది.

అది 2012 ఫిబ్రవరి 19, ఆదివారం. వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవెన్స్ పాస్ అనే స్కీయింగ్ కేంద్రం. ఆ చుట్టుపక్కల కొండలకు చెడ్డపేరు కొత్తేమీ కాదు. వందేళ్ల కిందట, 1910 మార్చి 1న అక్కడికి దగ్గర్లోని వెల్లింగ్టన్ స్టేషన్లో ఆగి ఉన్న రెండు రైళ్లను మంచుచరియ లోయలోకి ఊడ్చేసింది. 96 మంది పోయారు. అమెరికా చరిత్రలో అంత ఘోరమైన మంచుచరియ ప్రమాదం మరొకటి లేదు.

ఆ ఆదివారం పదహారుమంది కలిశారు. కంచె లోపల, కాపలా ఉన్న వాలుల మీద కాకుండా, వెనకవైపు టన్నెల్ క్రీక్ అనే లోయలోకి దిగాలని వాళ్ల సరదా. వాళ్లేమీ కొత్తవాళ్లు కాదు. స్కీయింగే వృత్తిగా ఉన్నవాళ్లు, పోటీలకు న్యాయనిర్ణేతగా ఉన్నాయన, ఆ ఆట గురించి రాసే విలేఖరులు, ఆ కొండ ప్రతి మలుపూ తెలిసిన స్థానికులు. పరికరాలున్నాయి, అనుభవం ఉంది. మంచుచరియల ప్రమాదం ఉందన్న ఆ రోజు హెచ్చరిక కూడా వాళ్లకు తెలుసు. ఫిబ్రవరి మొదట్లో మెరిసే పలుకుల పొర ఒకటి పడింది. దానిమీద కొత్త మంచు దిట్టంగా పేరుకుంది. పళ్లెంలో మైదా, పంచదార గుర్తున్నాయి కదూ!

ఒకరి తర్వాత ఒకరు దిగడం మొదలుపెట్టారు. పలక చీలింది. రెండు వేల అడుగులకు పైగా కిందికి లోయలోకి దూసుకుపోయింది. ముగ్గురు చనిపోయారు. ముగ్గురూ బాగా అనుభవం ఉన్న మగవాళ్లే. ఇంకొకాయన చెట్లను కరచుకుని బతికాడు. ఎలిస్ సాగ్‌స్టాడ్ అనే క్రీడాకారిణి కూడా ఆ మంచులో కొట్టుకుపోయింది. ఆమె వీపున గాలిబుడగ సంచీ ఉంది. తాడు లాగగానే అది ఉబ్బి మనిషిని మంచు పైభాగానికి దగ్గరగా ఉంచుతుంది. చరియ ఆగేసరికి ఆమె ముఖం, చేతులు మాత్రం బయట ఉన్నాయి, ఒళ్లంతా లోపలే. కదలలేదు. స్నేహితులు వచ్చి తవ్వితీశారు. ప్రాణాలు దక్కాయి.

ఈ సంఘటన మీద న్యూయార్క్ టైమ్స్‌లో జాన్ బ్రాంచ్ రాసిన సుదీర్ఘ కథనానికి 2013లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో బతికి బయటపడినవాళ్లు చెప్పినవి చదివితే మనసు చివుక్కుమంటుంది. ఇంతమంది ఒకేసారి వెళ్లడం మంచిది కాదేమోనని, ఈ రోజు ఇటు వెళ్లాలా అని ఒకరికి మించి అనుకున్నారు. మనసులో అనుకున్నారు. పైకి ఎవరూ గట్టిగా అనలేదు. ఇంతమంది తెలిసినవాళ్లున్నారు, ప్రమాదమైతే ఎవరో ఒకరు చెప్పరా అనుకున్నారు. అందరూ ఆ 'ఎవరో ఒకరి' కోసమే చూశారు.

ఎందుకు నోరు పెగలదు?

మనకిది కొత్తా చెప్పండి? అర్ధరాత్రి పెళ్లినుంచి తిరిగొస్తుంటే డ్రైవరు కళ్లు మూతలు పడుతున్నట్టు అనిపిస్తుంది. ముందు సీట్లో మగవాళ్లున్నారు కదా, వాళ్లు చూసుకోరా అని ఊరుకుంటాం. 'కాసేపు ఆపి టీ తాగుదాం' అనే చిన్నమాట గొంతులోనే ఆగిపోతుంది. పిరికిదంటారేమో, సరదా పాడుచేసిందంటారేమో అని.

కొండల్లోనూ ఇదే మనస్తత్వం పనిచేస్తుందని ఇయాన్ మెకామన్ అనే అమెరికన్ పరిశోధకుడు 2004లో చూపించారు. మూడు దశాబ్దాల్లో అమెరికాలో జరిగిన 715 మంచుచరియ ప్రమాదాలను ఆయన పరిశీలించారు. చాలాచోట్ల ప్రమాద సూచనలు కళ్లెదుటే కనిపిస్తున్నా జనం ముందుకే వెళ్లారు. ఎందుకు? ఆయన చెప్పిన కారణాలు వింటే మన ఇంటి సంగతుల్లాగే ఉంటాయి.

'ఎన్నిసార్లు రాలేదు ఈ దారిన!' అనే పరిచయం ఒకటి. 'ఇంతదూరం వచ్చి వెనక్కా?' అనే పట్టుదల ఒకటి. 'ఆయనకన్నీ తెలుసు' అని ఒకరిమీద భారం వేసేయడం ఇంకొకటి. 'అదిగో, వాళ్లూ వెళ్లారుగా' అని ముందున్న అడుగుజాడలు చూసి నడవడం మరొకటి. 'మళ్లీ ఇంత మంచి మంచు దొరకదు' అనే తొందర. చివరిది, పక్కవాళ్ల మెప్పు కోసం పడే తాపత్రయం. ఆడామగా కలిసి వెళ్లిన బృందాలు ఎక్కువ ప్రమాదానికి ఎదురెళ్లాయని కూడా ఆయన లెక్కల్లో కనిపించింది. ఆడవాళ్ల ముందు తగ్గకూడదని మగవాళ్లు, మగవాళ్ల ముందు భయం బయటపడకూడదని ఆడవాళ్లు! ఇక వద్దనేదెవరు?

అందుకే ఇప్పుడు మంచుకొండల శిక్షణ తరగతుల్లో ఒక కట్టుబాటు నేర్పుతున్నారు. బృందంలో ఏ ఒక్కరు 'వద్దు' అన్నా అందరూ వెనక్కి తిరగాలి. కారణం చెప్పక్కర్లేదు, వాదించక్కర్లేదు. అందరికన్నా తక్కువ అనుభవం ఉన్న అమ్మాయి అన్నా సరే! నిజం చెప్పాలంటే కొత్తగా వచ్చినవాళ్ల కళ్లే కొన్నిసార్లు ముందు చూస్తాయి. అలవాటు వాళ్ల కళ్లను ఇంకా కప్పేయలేదు కదా.

కొండ చెప్పే మాటలు

'వద్దు' అనడానికి ఆధారాలు కావాలంటే కొండే ఇస్తుంది. వినాలంతే.

పక్క వాలుల మీద అప్పటికే చరియలు విరిగిన గుర్తులు కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. నడుస్తుంటే కాళ్లకింద 'ధుప్'మని మంచు కూలిన చప్పుడు వినిపిస్తే, లోపలి గుల్ల పొర నలిగిందని అర్థం. అడుగు వేసినచోటి నుంచి మంచుమీద బీటలు పరుగెత్తితే వెంటనే అక్కడినుంచి తప్పుకోవాలి. ఒక్కసారిగా దట్టంగా మంచు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు మరీ ప్రమాదం. గాలి ఒకవైపు మంచును ఎత్తుకెళ్లి శిఖరం అవతలివైపు మందంగా పేర్చిపెడుతుంది, అక్కడా అనుమానమే. ఉన్నట్టుండి ఎండ కాసినా, వాన పడినా మంచు తడిసి బరువెక్కి జారుతుంది. వసంతకాలంలో మధ్యాహ్నాల కన్నా తెల్లవారుజాములు మేలనేది ఇందుకే.

మన పర్యాటకులు వెళ్లేచోట్ల కూడా ఈ పాఠాలు రాసే ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్ పైన అఫర్వత్ కొండమీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు చరియ కింద పడి చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్లే దారిలో, మిట్టమధ్యాహ్నం వేళ, పర్యాటకుల మీద మంచు విరిగిపడి ఏడుగురు పోయారు. 13వ మైలు దాకానే అనుమతి ఉన్నా 15వ మైలు దాకా వెళ్లారని పోలీసులు చెప్పారు. "ఇంకాస్త ముందుకెళ్తే మంచు బాగుంటుంది సార్" అని అడిగేది ఎవరు? మనలాంటి వాళ్లమే కదా. టాక్సీ డ్రైవరును బతిమాలి, అదనంగా డబ్బిచ్చి మరీ వెళ్తాం.

అంతా తెలిసినవాళ్లకూ అన్నిసార్లూ తప్పించుకోవడం సాధ్యం కాదు. ఉత్తరకాశీ జిల్లాకు చెందిన సవితా కన్స్‌వాల్ 2022 మే నెలలో పదహారు రోజుల వ్యవధిలో ఎవరెస్టు, మకాలూ శిఖరాలు రెండూ ఎక్కింది. ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. అదే ఏడాది అక్టోబరు 4న 'ద్రౌపదీ కా డాండా' శిఖరం దగ్గర శిక్షకురాలిగా పిల్లలకు పర్వతారోహణ నేర్పుతూ, మంచుచరియలో ప్రాణాలు కోల్పోయింది. సాటి శిక్షకురాలు నౌమీ రావత్, శిక్షణకు వచ్చిన యువతీయువకులు ఎందరో ఆ రోజు తిరిగిరాలేదు.

వెనక్కి తిరిగే అవకాశమే లేనివాళ్లూ ఉన్నారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు కూలి పదిమంది సైనికులు కూరుకుపోయారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లా కుర్రాడు ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికిన కర్ణాటక సైనికుడు హనుమంతప్ప కొప్పద్ కూడా ఫిబ్రవరి 11న ఆస్పత్రిలో కన్నుమూశారు. వాళ్లది ఉద్యోగధర్మం. 'ఇవాళ వద్దులే' అని వాళ్లు అనలేరు. సరదాకు వెళ్లే మనం అనగలం. అనగలిగి కూడా అనకపోతే ఎలా?

అమ్మ అడగాల్సిన అయిదు ప్రశ్నలు

ఈసారి పిల్లలు మంచుకొండల ప్రయాణమని ఫోను చేస్తే, స్వెట్టరు సంగతి అడిగాక ఈ అయిదూ కూడా అడగండి.

1. ఇవాళ హెచ్చరిక ఎంత? తుపానుకున్నట్టే మంచుచరియలకూ హెచ్చరికలుంటాయి. ఒకటి నుంచి అయిదు దాకా స్థాయిలు. సియాటిల్ వైపు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలమంతా వీటిని ప్రకటిస్తుంది. మన హిమాలయాలకు చండీగఢ్‌లోని రక్షణశాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ ఇస్తుంది. మూడో స్థాయిని 'మధ్యలోనే ఉందిగా' అనుకోకూడదు. చాలా మరణాలు ఆ స్థాయిలోనే జరుగుతున్నాయి. నాలుగు, అయిదు అంటే జనం ఎలాగూ భయపడి ఆగుతారు. మూడు అంటే ధైర్యం చేస్తారు!

2. దారి ఎలాంటిది? మేడమెట్లంత వాలు మీదుగా గానీ, అలాంటి వాలు కిందినుంచి గానీ వెళ్తుందా? చదునైన, పైన పెద్ద వాలులేని దారులూ బోలెడుంటాయి. అక్కడ మంచులో ఎంతసేపు ఆడుకున్నా ఈ బెంగ లేదు.

3. మూడు వస్తువులూ అందరి దగ్గరా ఉన్నాయా? వాడడం వచ్చా? కొన్న పెట్టెలోనే ఉంచితే లాభం లేదు. పెరట్లో సాధన చేసి ఉండాలి.

4. ఎన్నింటికల్లా తిరిగి వస్తారు? రాకపోతే అక్కడ ఎవరికి తెలుస్తుంది? ఇక్కడినుంచి మనం ఏమీ చేయలేం. అందుకని వెళ్లే దారి, వచ్చే వేళ ఆ ఊళ్లోనే ఉన్న ఒక స్నేహితురాలికి రాసిచ్చి వెళ్లమనండి. వేళ దాటితే ఆ అమ్మాయి 911కి ఫోను చేస్తుంది.

5. 'వద్దు' అనే మాటకు మీ గుంపులో విలువుందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. "నీకు ఎక్కడైనా మనసు కీడు శంకిస్తే పైకి అనేయ్. నవ్వితే నవ్వనీ. నవ్వులపాలైతే ఇంటికొస్తావు" అని చెప్పండి.

ఒకవేళ ఎదురుగా ఎవరైనా కొట్టుకుపోతే ఏం చేయాలో కూడా చెప్పి ఉంచండి. చివరిసారి ఏచోట కనిపించారో కళ్లు తిప్పకుండా చూడాలి. పైనుంచి ఇంకో చరియ రాదని చూసుకుని, వెంటనే ట్రాన్స్‌సీవర్లతో వెతకడం మొదలుపెట్టాలి. సాయం కోసం అందరూ కిందికి పరుగెత్తితే ఆ పదిహేను నిమిషాలూ దారిలోనే కరిగిపోతాయి. తామే చిక్కుకుంటే గట్టిగా కేక వేయాలి, పక్కకు తప్పుకోవడానికి, పైన తేలడానికి శక్తికొద్దీ పెనుగులాడాలి. వేగం తగ్గుతున్నట్టు అనిపించగానే ముఖానికి చేతులడ్డం పెట్టుకోవాలి. ఊపిరి పీల్చుకోడానికి ఆ కాస్త ఖాళీయే ఆధారం.

ఆరు నిమిషాల తర్వాత...

చివరగా ఒక మంచిమాట. 1975లో జపాన్ నుంచి ఆడవాళ్లంతా కలిసి ఒక బృందంగా ఎవరెస్టుకు వెళ్లారు. అందులో జుంకో తబేయి ఒకరు. ఇంటిదగ్గర చిన్న కూతుర్ని వదిలి వచ్చిన తల్లి. మే 4న గుడారాల్లో నిద్రపోతుండగా మంచుచరియ వచ్చి మీద పడింది. ఆమె దాని కింద స్పృహ తప్పిపోయింది. షెర్పాలు తవ్వి బయటికి లాగేసరికి సుమారు ఆరు నిమిషాలు. ఆరు నిమిషాలు కాబట్టి బతికింది. ఒళ్లంతా హూనమై నడవలేని స్థితి నుంచి కోలుకుని, పన్నెండు రోజుల తర్వాత, మే 16న, ఎవరెస్టు శిఖరం మీద కాలుమోపిన మొదటి మహిళ అయింది.

కొండలు మన ఆడపిల్లలకు పనికిరావని ఎవరూ అనలేరు. అయితే జుంకో బతకడానికి పక్కన తవ్వే చేతులున్నాయి. మన అమ్మాయికీ ఆ చేతులుండాలి. అంతకన్నా ముందు, మెరిసే వాలు ముందు నిలబడి, పదిమంది ఉత్సాహంగా ముందుకు కదులుతున్నప్పుడు, "నాకెందుకో బాగా అనిపించడం లేదు, వెనక్కి వెళ్దాం" అనే గొంతు ఉండాలి.

ఆ గొంతు కొండమీద హఠాత్తుగా రాదు. ఇంట్లో అలవాటు కావాలి. నిద్రమత్తు డ్రైవరును ఆపమన్నప్పుడు, కరెంటు పనికి మెయిను ఆపకుండా దిగుతున్న మనిషిని వద్దన్నప్పుడు, మన మాట చెల్లడం పిల్లలు చూడాలి.

అందుకే ఈసారి ఫోను మోగితే "జాగ్రత్త తల్లీ" అని ఊరుకోకండి. అడగండి. ఆ అయిదు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగితే... నిశ్చింతగా దీవించి పంపండి!